ఖాళీ వాగను ఎవరి వాకిటికి?

సరుకు రావలెనన్నచో ముందుగా ఖాళీ వాగను రావలెను. మన నేత సంఘములు నూలు ధరను గూర్చి చర్చించినంతగా ఈ విషయమును చర్చింపవు. మగ్గమువద్ద మాత్రము మనకిది తెలియనిది కాదు. అయిపోయిన కండె పుల్లలు చుట్టువారి చేతికి తిరిగి రాకున్న, ఇంటినిండ నూలున్నను నాడె ఆడదు.

అమెరికా రైల్వే కంపెనీలు ఈ తగవు చాలకాలము పడినవి. పరుల వాగను తమ దారిపై నడచినన్ని మైళ్ళకు అద్దె చెల్లించుట అచ్చటి పూర్వపద్ధతి. నిలిచియున్న వాగనుకు మైలు లేదు, మైలు లేనిదే అద్దె లేదు. ఇంకేమి, పరాయి వాగన్లను గోదాములుగా వాడుకొనిరి! 1902లో దినమునకింత యని అద్దె మార్చిరి. వాగన్లు కదలినవి గాని, ఎవరి వాగను వారికి చేర్చు తొందరలో ఒకే రకపు ఖాళీలు ఎదురెదురుగా దాటిపోవుచుండెడివి. ఉమ్మడి వాగనుకు ఈ బాధ లేదు. దించినచోటినుండి దగ్గరి సరుకునొద్దకే పోవును. ఐరోపా రైల్వేలు 1953లో ‘యూరోప్’ అను ఉమ్మడిని, అమెరికావారు 1955లో ట్రెయిలర్ ట్రెయిన్ కంపెనీని ఏర్పరచుకొన్నది ఇందుకే.

మన దేశములో గేజి అడ్డు వేరుగా ఉండెడిది. షోలాపూరు పెద్దలకు హొట్గి జంక్షను జ్ఞాపకముండును. గదగువైపు మీటరు గేజి మూటలను అచ్చట దింపి బ్రాడ్‌గేజి వాగనులో మరల ఎక్కించవలసి వచ్చెడిది. ఒక గేజి ఖాళీ రెండవ గేజికి కొరగాదు. 1992లో ఆరంభించిన ఏకగేజి పథకమువలన ఆ అడ్డు చాలవరకు తొలగినది.

తొలగినది గాని మనకు దక్కినదేమి? 1980ల నుండి రైల్వేలు ఒంటి వాగన్లను వదలి నిండు రేకులకే మొగ్గినవి. పాత నాలుగు చక్రముల వాగను ఇరవై టన్నుల పైచిలుకు మోసెడిది. నేటి కప్పు వాగన్ల రేకు రెండువేల టన్నులకు మించినది. ఏ నేత సంఘము ఒక్కమారు అంత నూలు కొనగలదు? కావున ఖాళీలు సిమెంటుకు, ఎరువులకు, ధాన్యమునకు పోవుచున్నవి. ఖాళీ పరుగు తగ్గించు లెక్కలు మంచివే. అయితే ఇండెంటు పెట్టనివాని అవసరము ఏ లెక్కలోనికిని ఎక్కదు. మనము లారీని నమ్ముకొంటిమి. అది ఖాళీగా తిరిగిపోవలసియున్నచో ఆ ఖర్చును మన కిరాయిలోనే కలిపి వసూలు చేయుదురు.

రైల్వేలను దూషించుచు కూర్చుండుట మాకు సమ్మతము కాదు. 1988లో కంటెయినర్ కార్పొరేషను ఏర్పడినది. ఇరువదడుగుల పెట్టె సుమారు పాత వాగనంత సరుకు పట్టును. దానికిని ఖాళీ తిరుగుప్రయాణపు బెడద కలదు. మన బలము అచ్చటనే యున్నది. కోయంబత్తూరు మిల్లుల నూలు మనకు వచ్చును, మన చద్దర్లు, తువాళ్ళు దక్షిణమునకు పోవును. రెండువైపుల నిండిన పెట్టెకు ఎవరు కాదందురు? షోలాపూరు, ఇచల్‌కరంజి, భివండి సంఘములు విడివిడిగా అడిగినచో పెట్టెయు నిండదు. ప్రతి శాఖయు నెలకు తెప్పించు నూలు బేళ్ళ సంఖ్యను, దక్షిణమునకు పంపు మూటల సంఖ్యను, ఏ వారములలో పంపుచున్నదియు వ్రాసి పంపవలెనని కోరుచున్నాము. ఆ పట్టీ చేతబట్టుకొనియే కిరాయి మాటలాడబోవలెను.