వంటయింటి మాటలు: చక్రములపై నడచు ఇంట కరెంటు కుక్కరు



ఇంగ్లాండులో కాపురమున్న కుమార్తెను చూడబోవుచు, అచ్చట మోటర్‌హోములో పది దినములు తిరుగ నిశ్చయించుకొనిన యొక సోదరి నాకు జాబు వ్రాసినది. "బండిలో వండుకొనుటకు ఎట్టి కరెంటు కుక్కరు మంచిది? ఇచ్చటినుండియే తీసికొని పోవచ్చునా?" అని యామె ప్రశ్న. దీనికి బదులు చెప్పు నర్హత నాకు చదువువలన గలిగినది కాదు. ఒక రాత్రి పడిన భయమువలన గలిగినది. కావున ముందుగా నా పొరపాటునే చెప్పుకొందును.

రెండేండ్ల క్రిందట మావారి బడికి వేసవి సెలవు లిచ్చినప్పుడు, మేమును మా అమ్మయు ఇంగ్లాండులో నున్న మా తమ్ముని యింటికి పోయితిమి. తమ్ముడు మోటర్‌హోము నొకదానిని అద్దెకు తెచ్చెను. పడకలు, స్నానపు గది, మూరెడు వంటగట్టు గల పెద్ద మోటారు బండి యది. పగలు ప్రయాణము, సాయంకాలమునకు క్యాంపుసైటులో బస. అచ్చట ఒక్కొక్క బండికి కేటాయించిన చోట నొక కరెంటు స్తంభ ముండును. దానినుండి నీలిరంగు ప్లగ్గుగల లావుపాటి తీగతో బండిలోనికి కరెంటు తెచ్చుకొనవలెను.

విండర్మియర్ సరస్సునకు సమీపమున దిగిన నాడు మధ్యాహ్నమే గ్యాసు సిలిండరు అయిపోయినది. "కరెంటున్నది గదా, గ్యాసుతో పనియేమి?" అని మేము దానిని లక్ష్యపెట్టలేదు. రాత్రి వాన కురియుచుండగా, కుక్కరులో బియ్యము పోసి, ఇంటినుండి తెచ్చిన ఇండక్షను పొయ్యిపై పెట్టితిని. మా అమ్మకు మధుమేహము. భోజనమునకు ముందు ఇన్సులిను సూది వేసికొనవలెను. "ఇంక పదిహేను నిమిషములలో అన్నమమ్మా" అని నేననగా, ఆమె సూది వేసికొనినది. అంతలో మా మరదలు టీ కొరకు కెటిలు స్విచ్చి నొక్కెను. కొంచెము సేపటికే రెండును ఆగిపోయినవి. బండిలోని దీపములు బ్యాటరీపై వెలుగునవి గనుక చక్కగా వెలుగుచునే యుండెను; పొయ్యి మాత్రము చల్లబడినది. స్తంభములోని స్విచ్చి పెట్టెకు తాళము, కార్యాలయము మూసియున్నది. తమ్ముడు వానలో తడియుచు కాపలాదారును వెదకబోయెను.

అరగంట గడచినది. అమ్మకు చెమటలు పట్టెను, చేతులు వణకదొడగెను, మాట తడబడెను. నా గుండె జారిపోయినది. మరదలు చప్పున గ్లాసెడు నీటిలో పంచదార కలిపి త్రాగించినది. పిమ్మట నాలుగు బిస్కట్లు తినిపించితిమి. పావుగంటకు తేరుకొని అమ్మ, "లెక్క తప్పితివే గాని వంట తప్పలేదులే, అమ్మాయీ" అనెను. ఆ మాట నేను నేటికిని మరువలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక, కాగితము తీసికొని తప్పిన లెక్కను సరిచూచుకొంటిని. మావారు చిన్నపిల్లలకు చెప్పు గుణకారమే యది. స్తంభముపై వ్రాసియున్న ఆంపియర్లను అచ్చటి 230 వోల్టులచేత గుణించినచో, ఒక్కసారి వాడుకొనదగిన వాట్లు వచ్చును. మాకు దొరకినది 10 ఆంపియర్లు. అనగా 2300 వాట్లు. మా ఇండక్షను పొయ్యి 2000 వాట్లది. ఇంటి వాడుక కెటిలు 3000 వాట్లది. రెండును కలిసి 5000! ఇంక స్తంభము చేయునదేమి? తీగ కాలిపోకుండుటకై తన కర్తవ్యము తాను నెరవేర్చి ఆగిపోయినది. ఇంగ్లాండులో పెక్కుచోట్ల 16 ఆంపియర్లు, అనగా 3680 వాట్లు దొరకును. కొన్నిచోట్ల 10 మాత్రమే. ఫ్రాన్సు మొదలగు దేశములలో 6 ఆంపియర్ల తావులును గలవు. అచ్చట 1380 వాట్లకు మించరాదు.

అరణ్యవాసమున ధర్మరాజునకు సూర్యు డొసగిన అక్షయపాత్ర కథ మీరెల్లరు ఎరిగినదే. ఎందరు వచ్చినను అది అన్న మిచ్చును. కాని ద్రౌపది భుజించిన పిమ్మట ఆనాటికి మరి యేమియు నీయదు. అక్షయమైనదానికే యొక హద్దున్నప్పుడు, క్యాంపుసైటు స్తంభమునకు హద్దు లేకుండునా? కావున, కుక్కరు కొనునపుడు దాని మెరుపును గాని, దానిపైనున్న బొత్తాముల సంఖ్యను గాని చూడకుడు. అడుగున వ్రాసియున్న వాట్లను చూడుడు.

బండికి తగినవి మూడు విధములు. మొదటిది సామాన్యమైన రైస్ కుక్కరు. చిన్నది 300 మొదలు 500 వాట్లలో దొరకును. 6 ఆంపియర్ల చోటనైనను నిశ్చింతగా వాడవచ్చును. అన్నము, ఉప్మా, పొంగలి దీనిలో చక్కగా నగును. కందిపప్పు మాత్రము చాలసేపు పట్టును. రెండవది కరెంటు ప్రెషరు కుక్కరు. మూడు లీటర్లది సాధారణముగా 700 వాట్లు, ఆరు లీటర్లది 1000 వాట్లు తీసికొనును. అడుగున పప్పు, ముక్కాలిపీటపై గిన్నెలో బియ్యము పెట్టి రెండును ఒకేసారి వండుకొనవచ్చును. ఆవిరి లోపలనే యుండును గనుక బండి గోడలు చెమర్చవు. మూడవది ఇండక్షను పొయ్యి. దోసెలకు, పోపులకు ఇది హాయి. కాని దీనిపై ఇత్తడి, రాగి, అల్యూమినియము గిన్నెలు పనికిరావు. అయస్కాంత మంటుకొను అడుగుగలవే కావలెను. మరియు చౌకరకపు పొయ్యిలు మంట తగ్గించినపుడు నిజముగా తగ్గక, నిండుశక్తితో కొంతసేపు వెలుగుచు, కొంతసేపు ఆగుచు నుండును. కనుక 500 అని పెట్టితిమిగదా యని మోసపోరాదు.

నలుగురైదుగురున్న సంసారమునకు మూడు లీటర్ల ప్రెషరు కుక్కరునే నేను మెచ్చుకొందును. మరునాడు సమీప పట్టణములో మేము కొన్న దదియే. తక్కిన ఎనిమిది దినములును అది మాకు ఒకపూటయైనను అన్నము తప్పింపలేదు.

ఇక వాడు పద్ధతి. తీగను మొదట బండికి తగిలించి, తరువాత స్తంభమునకు తగిలింపవలెను. తీయునపుడు స్తంభమువద్ద మొదట తీయవలెను. తీగ యెంత పొడవైనను చుట్టగా నుంచక పూర్తిగా విప్పి పరచవలెను. చుట్టలోనే యున్నచో వేడెక్కి కరగు ప్రమాద మున్నది. కుక్కరు పెట్టునపుడు నీటికాగు, గది వెచ్చచేయు హీటరు, కెటిలు ఆపివేయుడు. ప్రెషరు వచ్చిన తరువాత కుక్కరు అప్పుడప్పుడు మాత్రమే కరెంటు తీసికొనును. కాని ఎప్పుడు తీసికొనునో మనకు తెలియదు గనుక, వంట ముగియువరకు దాని నిండు వాట్లనే లెక్కపెట్టుకొనవలెను. అన్నము, పప్పు పొంగునవి గనుక పాత్రలో సగమునకు మించి నింపరాదు. విజిలు కుక్కరులో పోయునంత నీరు దీనిలో పోయరాదు. ఆవిరి బయటికి పోదు గనుక అన్నము ముద్ద యగును. బండి నడచుచుండగా వండుట ఎన్నడును కూడదు. ప్రయాణమునకు ముందు పాత్రను చల్లార్చి, బట్టలో చుట్టి, క్రింది అరలో పెట్టి తలుపు బిగింపవలెను.

స్తంభము లేనిచోట బ్యాటరీతో ఇన్వర్టరు పెట్టి వండవచ్చునా యని కొందరు అడుగుదురు. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో నుండునది 1200 వాట్-గంటలు. అది సీసపు బ్యాటరీ యైనచో సగమునకు మించి వాడిన చెడును, మిగిలినది 600. మన 700 వాట్ల కుక్కరు అరగంట నిండుగా పనిచేసినచో 350 పోవును. ఇన్వర్టరులో వృథా యగునది వేరు. ఒకపూట వంటకే బ్యాటరీ సగము పైగా ఖర్చగునన్నమాట. కావున దానిని ఆపద్ధర్మముగానే యెంచుకొనుడు. గ్యాసు పొయ్యిని మాత్రము సిద్ధముగా నుంచుకొనుడు. గ్యాసు వెలిగించినపుడు పైకిటికీ తెరచియుంచవలెను. బయట వాడిన బొగ్గుల కుంపటిని, ఆరినదనిపించినను, బండిలోనికి తేరాదు. దానినుండి వచ్చు విషవాయువునకు వాసన యుండదు. నిద్రలోనే ప్రాణము తీయును.

మన దేశపు కుక్కరును ఇంగ్లాండునకు నిరభ్యంతరముగా తీసికొని పోవచ్చును. రెండుచోట్లను 230 వోల్టులే. ప్లగ్గు మాత్రము మార్చుకొనవలెను. అమెరికాకు తీసికొని పోవుట దండుగ. అచ్చట 120 వోల్టులే గనుక మన రైస్ కుక్కరు నాలుగవ వంతు వేడి మాత్రమే యిచ్చును; బియ్యము నానునే గాని యుడుకదు.

ఈ సందర్భమున ఒక గృహిణిని తలచుకొనక మానరాదు. 1955 డిసెంబరులో జపాను దేశమున తోషిబా సంస్థ తానై ఆగు తొలి కరెంటు రైస్ కుక్కరును అమ్మకమునకు పెట్టెను. దానిని రూపొందించినవారు యోషితదా మినామి యను చిన్న కర్మాగారపు యజమాని. దినదినము అన్నము వండి, కొలిచి, పరీక్షించినది ఆయన భార్య ఫుమికో. రెండు పాత్రల నడుమ కొలతగా నీరు పోసి, అది ఆవిరియై పోగానే వేడి నూరు డిగ్రీలు దాటి స్విచ్చి తానే ఆగునట్లు వారు చేసిరి. ఎంత నీటికి ఎంత వేడి, ఎప్పుడు ఆపవలెను అను లెక్కయే ఆ పాత్రకు ప్రాణము. ఆ లెక్క తేల్చినది మనవంటి యొక యిల్లాలు.

చివరిగా ఒక్కమాట. ఇంట ఇన్సులిను తీసికొను పెద్దలున్నచో, వైద్యుడు చెప్పిన వ్యవధిని పాటించుచునే, అన్నము చేతికందునని రూఢియైన పిమ్మటనే సూది వేయుడు. పంచదార డబ్బాను పైఅరలో దాచక చేతికందునట్లు పెట్టుడు. సొంత యింట పొయ్యి ఆరిన పొరుగింటికి పోవచ్చును. చక్రముల యింటికి పొరుగు ప్రతిరాత్రియు క్రొత్తదే. అందుచేత అచ్చటి గృహిణి బియ్యము కొలుచుటకు ముందు కరెంటును కొలువవలెను.