రెండు ఆటల రామస్వామి

సాయంకాలం గంట కొట్టగానే మన సూర్యాపేట బడుల ఆటస్థలాల్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒకే కుర్రవాడు ఇటు కబాడీ కూత పెడతాడు, అది ముగియగానే అటు వాలీబాల్ వల దగ్గర ఎగురుతూ కనిపిస్తాడు. ఇంటికి పోయాక నాన్నగారు, "రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు. ఏదో ఒక ఆట చూసుకో, అదీ మానేస్తే మరీ మంచిది" అంటారు. హెడ్మాస్టరుగా పనిచేసినన్నాళ్ళూ నేనీ మాట ఎందరో తండ్రుల నోట విన్నాను. అందుకని ఈ నెల రెండు పడవల మీదా నిలబడిన ఒక తెలుగువాని సంగతి చెబుతాను. నాన్నగార్లు కూడా చదవవచ్చు.

ఆయన పేరు కోటా రామస్వామి. 1896 జూన్ 16న మద్రాసులో పుట్టాడు. తండ్రి బుచ్చిబాబు నాయుడు. ఆ రోజుల్లో మద్రాసులో క్రికెట్టంటే దొరల ఆట. దొరల క్లబ్బులో మనవారికి చోటు లేదు. బుచ్చిబాబుకు రోషం వచ్చి, మనవాళ్ళ కోసం 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బును స్థాపించాడు. ఆయన పేరనే బుచ్చిబాబు టోర్నమెంటు వెలసింది. రామస్వామిని తల్లి తరపు తాతగారు దత్తత చేసుకున్నారు; ఇంటిపేరు మారింది కాని, ఇంటి ఆట మారలేదు.

వెస్లీ హైస్కూలులో చదివే నాటికే అతనికి క్రికెట్టు అబ్బింది. తరవాత టెన్నిస్ కూడా పట్టుకున్నాడు. "క్రికెట్టు పాడైపోతుంది" అనేవారు అప్పుడూ ఉండే ఉంటారు! ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించి, 1919లో కేంబ్రిడ్జి వెళ్ళాడు. 1922లో డేవిస్ కప్ పోటీల్లో భారతదేశం తరపున ఆడాడు. డాక్టర్ ఫైజీతో జతకట్టి రుమేనియా జంటను ఓడించాడు.

ఇక క్రికెట్టు. దీనికి మరో పధ్నాలుగేళ్ళు ఆగాలి. 1936 జూలైలో ఇంగ్లండులోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో రామస్వామి మొదటి టెస్టు ఆడాడు. అప్పటికి నలభై ఏళ్ళు నిండి నెల దాటింది! ఆ పదకొండుగురిలో నలుగురు తెలుగువారు: నాయకుడు విజయనగరం మహారాజకుమారుడు, నాగపూరు తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు, ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు, మన రామస్వామి. ఆ ఆట రెండోనాడు రెండు జట్లూ కలిసి 588 పరుగులు తీశాయి. టెస్టుల్లో ఒక్కరోజున అన్ని పరుగులు మరెన్నడూ రాలేదు. రామస్వామి ఎడమచేతి వాటంతో 40, 60 కొట్టాడు. తరవాతి టెస్టులో 29, ఔటు కాకుండా 41. ఆడినవి రెండే టెస్టులు, సగటు 56 దాటింది.

ఒక ఆట మరొక ఆటకు ఎలా సాయపడుతుంది? బంతి ఎదుటివాని చేతి నుంచో రాకెట్టు నుంచో బయలుదేరగానే అది ఎక్కడ పడుతుందో కన్ను ఊహించాలి. చెయ్యి కదిలే లోపలే పాదం కదలాలి. ఈ అలవాటు టెన్నిసుకూ కావాలి, క్రికెట్టుకూ కావాలి. ఒకచోట నేర్చింది రెండోచోట వృథాపోదు.

ఇంకో సంగతి ఉన్నది. మీ వయసులో ఎముకల చివళ్ళు ఇంకా మెత్తగా ఉండి, పెరుగుతూ ఉంటాయి. ఏడాది పొడవునా ఒకే విసురు విసిరితే మోచేతి దగ్గర ఆ మెత్తని భాగం దెబ్బతింటుంది. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ సంస్థ 'లిటిల్ లీగ్' 2007లో ఒక లెక్క పెట్టింది: 11, 12 ఏళ్ళ పిల్లవాడు రోజుకు 85 బంతులకు మించి విసరరాదు. అక్కడి హైస్కూళ్ళలో చలికాలం బాస్కెట్‌బాల్, వసంతంలో బేస్‌బాల్ ఆడతారు. ఒకే విద్యార్థి రెండు జట్లలోనూ ఉండవచ్చు. చలికాలమంతా విసిరే చేతికి విశ్రాంతి. మన పిల్లలు బంతులు వేసేటప్పుడు లెక్కపెట్టేవారెవరూ నాకింతవరకు కనబడలేదు.

అయితే రెండు పడవలూ ఎప్పుడూ పక్కపక్కనే పోతాయా? పోవు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన ఆ జట్టులోనే మద్రాసుకు చెందిన ఎం.జె. గోపాలన్ ఉన్నాడు. అంతకుముందు ఏడు ధ్యాన్‌చంద్ నాయకత్వంలో న్యూజిలాండు వెళ్ళి హాకీ ఆడి వచ్చినవాడు. అదే వేసవిలో బెర్లిన్‌లో ఒలింపిక్ క్రీడలు. రెంటికీ పోవడం వీలుకాదు. గోపాలన్ క్రికెట్టునే ఎన్నుకున్నాడు. ఆ పర్యటనలో అతనికి ఒక్క టెస్టులోనూ చోటు దొరకలేదు. ఆగస్టు 15న మన హాకీ జట్టు జర్మనీని 8–1తో ఓడించి బంగారు పతకం తెచ్చుకుంది.

గోపాలన్ స్థానంలో మీరుంటే ఏది ఎన్నుకునేవారు? ఇంట్లో అడిగి చూడండి. కాని నాన్నగారు జవాబు చెప్పకముందే మీ జవాబు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.