కారిన నీరు ఎక్కడిది?

ఆదివారం తెల్లవారకముందే, పరగడుపున రావాలి. అది షరతు. మేం వెళ్ళేసరికే ఆ అరుగు ముందు ముప్పై మంది దాకా కూర్చుని ఉన్నారు. పెద్దాయన ఒక్కొక్కరి తల వెనక్కి వంచి, గుడ్డలో నలిపిన ఆకు పసరు ముక్కులో రెండేసి చుక్కలు పిండుతున్నాడు. పడీ పడగానే మంట, తుమ్ములు, ఆపైన కళ్ళూ ముక్కూ ఏకధార. మా పెద్దమ్మ గంటసేపు తువ్వాలు తడిసిపోయేలా చీది, "చూశావురా, తలకు పట్టిన నీరంతా ఎలా దిగిపోతోందో! సైనస్ మొత్తం కడిగేసినట్టయింది" అంది.

ఆవిడ ముఖంలో ఊరట నిజం. ఆ నీరు మాత్రం తలలోది కాదు.

సైనస్ అంటే జబ్బు కాదు. బుగ్గల్లో, నుదుట్లో, కళ్ళ మధ్య, ముక్కు వెనక లోతున మనందరికీ ఉండే నాలుగు జతల గాలి గదులు. లోపలి పొరలో పల్చటి జిగురు ఊరుతుంది. కంటికి కనబడని నూగు దాన్ని ముక్కులోకి తోసేస్తూ ఉంటుంది. పడిశంతో పొర వాస్తే ఆ సన్నని దారి మూసుకుపోయి జిగురు లోపలే నిలుస్తుంది. అప్పుడే బరువు, నొప్పి. అన్నిటిలోకీ పెద్దవి బుగ్గ ఎముకల్లోవి. పెద్దవాళ్ళలో ఒక్కోటి పట్టేది సుమారు 15 మిల్లీలీటర్లు. రెండూ నిండినా ఆరు టీ చెంచాలు. తువ్వాలు తడిపేసేంత నీరు దాగడానికి అక్కడ చోటే లేదు. ఘాటు తగిలిన పొర అప్పటికప్పుడు ఊరించిన నీరది. ఉల్లిపాయ తరిగినా కన్నీళ్ళు కారతాయి; కంట్లో ఏళ్ళ తరబడి నిలిచిన చెడునీరు పోయిందని ఎవరూ అనరు. తలంటు పోసుకున్న నీరు మాడులోంచి దిగే దారి పుర్రెకు లేదు. అయినా బాలింతల చెవుల్లో దూది కుక్కుతూనే ఉన్నాం, పిల్లల కంచంలో పెరుగు మాన్పిస్తూనే ఉన్నాం.

అది ఏ ఆకు అని అడిగాను. "పేరు చెబితే గుణం పోతుంది బాబూ" అన్నాడాయన. ఆయన్ని మోసగాడని నేను అనను. డబ్బు అడగడు, తండ్రి చేతి నుంచి వచ్చిన విద్య అని మనసారా నమ్ముతున్నాడు. కానీ పేరు తెలిస్తే పోయే గుణం ఏ మొక్కకూ లేదు. సింకోనా బెరడులోంచి 1820లో క్వినైన్‌ను విడదీసి పేరు పెట్టారు. ఆ తర్వాత కూడా అది మలేరియా మీద పనిచేసింది. రహస్యం వల్ల పోయేది రోగి రక్షణ. పసరు పడక ముక్కు పుండైతే, ఏం వేశారో డాక్టరుకు చెప్పడానికి కూడా ఉండదు.

మరి తగ్గినవాళ్ళ సంగతి? మనకు కాకతాళీయం అనే మాట ఉంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. సైనస్ వాపుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్లే వస్తాయి. వారం పది రోజుల్లో వాటంతట అవే తగ్గుముఖం పడతాయి. ఓపిక నశించి ఎనిమిదో రోజున పసరుకు పోతాం. పదో రోజున తేలికపడతాం. ఖ్యాతి పసరుకు దక్కుతుంది.

ఇదే గీటురాయి మీద మందుల షాపునీ రుద్ది చూడాలి. చీమిడి పచ్చబడగానే మూడు అజిత్రోమైసిన్ మాత్రలు కొనుక్కునేవాళ్ళు పసరుకు వెళ్ళేవాళ్ళ కంటే హేతువాదులేమీ కారు. ఆ పచ్చరంగు మన తెల్లరక్త కణాల్లోని ఎంజైముది, అదొక్కటే బ్యాక్టీరియాకు రుజువు కాదు. పెద్దవాళ్ళలో జలుబు బ్యాక్టీరియా సైనసైటిస్‌గా మారేది నూటికి ఇద్దరికి మించి ఉండదు. పది రోజులైనా ఏమాత్రం తగ్గకపోతే, తగ్గి మళ్ళీ తిరగబెడితే, 102 డిగ్రీల జ్వరంతో చీముతో మూడు నాలుగు రోజులు బాధిస్తే యాంటీబయాటిక్ అవసరమా అన్నది డాక్టరు తేల్చాలి. అనవసరంగా మింగిన ప్రతి మాత్రా సూక్ష్మజీవులకు దాన్ని తట్టుకోవడం నేర్పుతుంది.

ఆవిరి హాయినిస్తుంది, జబ్బును నయం చేయదు. మరిగే గిన్నె దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టకండి. ముక్కు బిగుసుకుపోతే వేసుకునే చుక్కల మందు ఐదు రోజులు దాటితే బిగుతును పెంచుతుంది. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మేలు చేస్తుంది. జలనేతి చేసేవాళ్ళు మాత్రం మరగబెట్టి చల్లార్చిన నీళ్ళే వాడాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్ళతో అలా కడుక్కున్న ఇద్దరు మెదడుకు అమీబా సోకి చనిపోయారు.

కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనిపించడం, మెడ బిగుసుకోవడం వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. మధుమేహం ఉన్నవాళ్ళకు ముక్కులో నల్లటి పెచ్చులు కడితే అసలే ఆగకూడదు. 2021లో కోవిడ్ వెంట వచ్చిన మ్యూకర్‌మైకోసిస్ సైనస్‌లలోనే మొదలై ఎందరి కళ్ళు తీసుకుపోయిందో మనం చూశాం.

మా పెద్దమ్మను చివరికి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన మూడు ప్రశ్నలు అడిగారు. నొప్పి తలకు ఒకవైపే వస్తుందా? వాంతి వచ్చేలా ఉంటుందా? వెలుతురు చూడలేరా? మూడింటికీ ఔననే అంది. జ్వరం లేదు, చీము లేదు. అది మైగ్రేన్, మన పార్శ్వపు నొప్పి. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, తమది సైనస్ తలనొప్పి అని చెప్పిన సుమారు మూడు వేల మందిని పరీక్షిస్తే, నూటికి 88 మందికి ఉన్నవి మైగ్రేన్ లక్షణాలే.

పదిహేనేళ్ళు ఆవిడ ఆ అరుగు ముందు తల వెనక్కి వంచింది. ఇప్పుడు నొప్పి మొదలవగానే డాక్టరు రాసిన మాత్ర వేసుకుని, కిటికీలు మూసిన గదిలో కాసేపు పడుకుంటుంది. రాత్రిళ్ళు పెరుగన్నం మళ్ళీ తింటోంది.