ఆపరేషన్ రోజు కాఫీ ఇవ్వవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. వచ్చే వారం హెర్నియా ఆపరేషన్. ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టవద్దన్నారు. నీరసించిపోతారేమోనని భయంగా ఉంది. ఉదయం కాస్త కాఫీ ఇవ్వవచ్చా?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: వద్దమ్మా. మత్తులో ఉండగా పొట్టలోనిది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. పాలు కలిసిన కాఫీ కూడా ఆహారమే. కనీసం 6 గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు మాత్రం మామూలుగా 2 గంటల ముందు వరకు ఇవ్వవచ్చు. మత్తు డాక్టరును అడగండి. జాలిపడి ఎవరైనా ఏదైనా పెడితే దాచకండి. ఆపరేషన్ వాయిదా పడుతుంది, అంతేగదా! ఆయన వాడే మందులన్నీ, నాటు మందులతో సహా, ఇప్పుడే డాక్టరుకు చూపించండి. బి.పి., షుగరు, రక్తం పలచబడే మాత్రల్లో ఏది వేయాలో, ఏది ఆపాలో వారే చెప్పాలి. చుట్ట అలవాటుంటే ఇవాళే మాన్పించండి. తర్వాత దగ్గితే కుట్లు లాగుతాయి.