బొగ్గు పెరిగింది, కొలువులు తరిగాయి

కాళ్ల కింద బొగ్గున్న ఊరికి కొలువుల కరువుండదని మన తాతలు నమ్మారు. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. 1889లో ఎల్లందులో మొదలైన తవ్వకం గోదావరి లోయ వెంట ఎగబాకింది. కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని బొగ్గుబాయిల చుట్టూ పెరిగిన పట్టణాలే. బాయి మీద ఒక్క మస్టరు పడితే ఇంటిల్లిపాదికీ ధీమా. కోల్‌బెల్టులో పిల్లనిచ్చేవాళ్లు ఈనాటికీ మొదట అడిగేది 'పర్మనెంటా, కాదా' అనే!

మరి ఇప్పుడు లెక్క చూద్దాం. 1990-91లో సింగరేణిలో సుమారు 1.16 లక్షల మంది పనిచేస్తే వెలికి వచ్చింది 1.8 కోట్ల టన్నుల లోపు బొగ్గు. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు. పర్మనెంట్ ఉద్యోగులు 42 వేల లోపే. బొగ్గు దాదాపు నాలుగింతలైంది, కొలువులు మూడో వంతుకు పడ్డాయి. బొగ్గు తగ్గి కొలువులు పోలేదు, తవ్వే తీరు మారి పోయాయి.

భూగర్భ బాయికి కోల్‌ఫిల్లర్ కావాలి, టింబర్‌మన్ కావాలి, ట్రామర్, హాలర్ డ్రైవర్ కావాలి. ఓపెన్‌కాస్టుకు షావెల్, డంపర్లు చాలు. బొగ్గు మీది మట్టి తీసే పని చాలావరకు ప్రైవేటు కాంట్రాక్టర్లదే. భూమి పోయినోడు పరిహారం డబ్బులు అయిపోయాక తన చెలక ఉన్నచోటే ఆ కాంట్రాక్టరు దగ్గర రోజుకూలీ. బాయిల్లో టన్ను బొగ్గు తీసే ఖర్చు అమ్మే ధరను మించుతోందని మేనేజ్‌మెంట్ అంటుంది. అది నిజమే, మనం కాదనడం లేదు. కానీ ఓపెన్‌కాస్టు లాభం ఎవరికి ఎంత చేరుతున్నదో అడగొద్దా? 2024 దసరా ముందు లాభాల్లో వాటాగా పర్మనెంట్ కార్మికునికి సగటున 1.90 లక్షల రూపాయలు ప్రకటించారు. కాంట్రాక్టు కార్మికునికి 5 వేలు! అదీ మొట్టమొదటిసారి ఇస్తున్నామని గొప్పగా చెప్పుకున్నారు. అదే దుమ్ము, అదే ఎండ, అదే బొగ్గు.

2011 సకల జనుల సమ్మెలో నల్లసూర్యులు బాయి దిగకుండా నిలబడ్డారు. 2014లో రాష్ట్రం వచ్చింది. అప్పుడు 60 వేల పైచిలుకు ఉన్న ఉద్యోగుల సంఖ్య మన సర్కార్ల కాలంలోనూ తగ్గుతూనే వచ్చింది. కారుణ్య నియామకాలు తెచ్చారు, సంతోషమే. కానీ అది తండ్రి కొలువు కొడుక్కి రావడం. బాయి మీద తండ్రి లేని డిగ్రీ పిల్లగానికి, ఐటీఐ చదివిన ఆడపిల్లకు అందులో ఏముంది?

ఇక సింగరేణిలో 49 శాతం వాటా ఉన్న కేంద్రం 2024 జూన్‌లో శ్రావణపల్లి బ్లాకును వేలానికి పెట్టింది. వేలంలో దక్కించుకున్న కంపెనీకి సింగరేణి జీతాలూ లేవు, లాభాల వాటా ఒప్పందాలూ లేవు. బొగ్గు ఇక్కడిదే, కొలువు మాత్రం కాంట్రాక్టరు దయ. రామగుండంలో మన బొగ్గుతో పుట్టిన కరెంటు పక్క రాష్ట్రాలకూ వెలుగునిస్తోంది. ఇవ్వనీ, మనం వద్దనలేదు. అన్ని దశాబ్దాల బొగ్గుకు బదులుగా ఈ నేల మీద చిన్నాపెద్దా పరిశ్రమలు ఎన్ని నిలబడ్డాయన్నదే మన తగువు.

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా! కొత్త గనికి ప్రజాభిప్రాయ సేకరణ అని షామియానా వేసినప్పుడు ఊరుకోవద్దు. ఎన్ని కోట్ల టన్నులో వాళ్లే చెబుతారు. పర్మనెంట్ కొలువులు ఎన్ని, అందులో స్థానికులకెన్ని, మట్టి పని ఎవరికి, ఏ జీతానికి అని మనం అడగాలె. జవాబు మైకులో చెబితే చాలదు, మినిట్స్‌లో రాయించాలె.