బల్ల మీద ఖాళీ పళ్లెం

క్రిస్మస్‌కు ముందు రాత్రి పోలండ్ వారి ఇళ్లలో ఒక ఆచారం ఉంది. బల్ల మీద పరిచే గుడ్డ కింద కాస్త ఎండుగడ్డి పెడతారు. యేసును పడుకోబెట్టిన పశువుల తొట్టికి అది గుర్తు. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతకంటే ఒక పళ్లెం ఎక్కువ పెడతారు. ఆ రాత్రి తలుపు తట్టే అనుకోని అతిథి కోసం ఆ పళ్లెం. వందేళ్ల కిందట కెనడా మైదానాలకు వలసపోయిన పోలిష్ రైతుల దగ్గర ఆస్తి అంటూ పెద్దగా ఏమీ లేదు గాని, ఈ ఆచారం మాత్రం వారి వెంట వెళ్లింది.

వారు సొంతగడ్డను ఎందుకు విడిచారు? రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యాలు మూడు విడతలుగా పోలండ్‌ను పంచుకున్నాయి. 1795 నుండి 1918 దాకా స్వతంత్ర పోలండ్ ప్రపంచ పటంలోనే లేదు. ఆస్ట్రియా వంతుకు వచ్చిన గలీషియాలో పొలాలు తరతరాలుగా బిడ్డల మధ్య పంచుకోగా పంచుకోగా, ఒక కుటుంబం కడుపు నింపలేని చిన్న చెక్కలుగా మిగిలాయి. అలాంటి రోజుల్లో కెనడా ప్రభుత్వం 160 ఎకరాలు ఇస్తానంది. 10 డాలర్ల రుసుము కట్టి, మూడేళ్లు అక్కడే ఉండి, ఇల్లు కట్టుకుని నేలను సాగులోకి తెస్తే భూమి సొంతమవుతుంది. 1896 తర్వాత వేలాది కుటుంబాలు ఓడలెక్కి మానిటోబా, సస్కచ్వాన్, అల్బెర్టా ప్రాంతాలకు చేరాయి.

చాలామందికి మొదటి చలికాలం నేలలో తవ్విన గుంటలోనే గడిచింది. పైన దుంగలు, వాటి మీద మట్టిపెళ్లలు, అదే కప్పు. భర్త కూలి డబ్బుల కోసం రైలు పట్టాల పనికి పోతే, భార్యాబిడ్డలు పొదలు నరికి, వేళ్లు పెరికి, రాళ్లు ఏరి నేలను సాగుకు సిద్ధం చేశారు.

అంత కష్టపడినా వారికి గౌరవం దక్కలేదు. గొర్రెతోలు కోట్లతో దిగిన ఈ జనం దేశానికి పనికిరారని పత్రికలు ఈసడించాయి. గుమాస్తాలు వారిని 'ఆస్ట్రియన్' అనో 'గలీషియన్' అనో రాసుకున్నారు. 1914లో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆస్ట్రియా కాగితాలు ఉన్న పాపానికి ఎందరో పోలిష్, ఉక్రెయిన్ రైతులు శత్రుదేశస్థులుగా పేర్లు నమోదు చేసుకోవలసి వచ్చింది. ఏ రాజ్యం తమ దేశాన్ని మింగిందో ఆ రాజ్యం మనుషులుగా వారు అనుమానానికి గురయ్యారు!

వారి మునిమనవలు ఇప్పుడు కుటుంబ చరిత్ర వెదికితే ప్రభుత్వ కాగితాల్లో పోలండ్ పేరు తరచుగా కనబడదు. అయితే గలీషియా పల్లెల్లోని చర్చి పుస్తకాల్లో బాప్తిస్మం, పెళ్లి, సమాధి వివరాలు లాటిన్ భాషలో, ఇంటి నంబరుతో సహా ఉన్నాయి. వారు రోమన్ కాథలిక్కులు. ఆరాధనలో మనకూ వారికీ తేడాలున్నాయి. కానీ రాజ్యాలు చెరిపేసిన పేదవాని పేరును దేవుని సంఘం రాసి ఉంచిందన్న సంగతి మనమందరం తలపోయదగినది.

అయితే ఆ పేర్లు వెదికి పట్టుకుని ఏం చేయాలి? ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో దీనికి జవాబుంది. ప్రథమ ఫలాల గంప తెచ్చిన రైతు దానిని యాజకునికి ఇచ్చి మౌనంగా వెళ్లిపోకూడదు. తన పితరుడు దిక్కులేక తిరిగినవాడని, ఐగుప్తులో పరదేశిగా బ్రతికాడని, దేవుడే విడిపించాడని నోరు తెరిచి చెప్పాలి. అంటే గంపతోపాటు కుటుంబ చరిత్రను కూడా అర్పించాలన్నమాట. అంతటితో అయిపోలేదు. ఆ సంతోషంలో తన మధ్యనున్న పరదేశికి కూడా పాలు ఇవ్వాలని అదే అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది.

ఇక్కడే మనం పరీక్షకు నిలుస్తాం. తాతల కష్టాలు చెప్పుకుని గర్వించడం సులువు. "మావాళ్లు కష్టపడి పైకొచ్చారు, వీళ్లకేం రోగం?" అని కొత్తగా వచ్చినవారిని తీసిపారేయడం ఇంకా సులువు. ఒకనాడు పోలిష్ రైతులను ఈసడించిన నోళ్లూ అలాంటి మాటలే అన్నాయి. తాత పడిన అవమానాన్ని మనవడు మరొకరికి అప్పగిస్తే ఆ కుటుంబ చరిత్ర వ్యర్థమే.

మన పిల్లలకు మన తాతల కథ చెబుతున్నామా? చెబితే, వారిని ఆదుకున్నవారి సంగతి కూడా చెబుతున్నామా? మన సంఘానికి ఈ ఆదివారం ఒక కొత్త కుటుంబం వస్తే, వెనుక బల్లపై ఒంటరిగా కూర్చుని వెళ్లిపోతోందా, లేక ఎవరి ఇంట్లోనైనా భోజనం చేసి వెళుతోందా? పోలండ్ రైతు ఇంట్లో అదనంగా పెట్టిన ఆ పళ్లెం ఏడాదికి ఒక్క రాత్రి కోసం. మన ఇంట్లో అది ప్రతి ఆదివారమూ ఉండవచ్చు.