మోయగలిగిందే మన క్యాబ్

మొన్న మ్యూజిక్ క్లబ్ గ్రూపులో "క్యాబ్ సంగతి తేల్చండి" అని పెట్టగానే ఒక జూనియర్ "ఎక్కడికెళ్తున్నాం అన్నా?" అని అడిగాడు. నవ్వొచ్చింది గానీ వాడి తప్పేం లేదు. బేస్ గిటార్‌కి విడిగా ఒక స్పీకర్ పెట్టె ఉంటుందని, దాన్ని క్యాబినెట్ అంటారని, ముద్దుగా క్యాబ్ అంటారని ఎంతమందికి తెలుసు?

నేను రెండేళ్లుగా మన బ్యాండ్‌లో బేస్ వాయిస్తున్నా. పోయిన ఫెస్ట్‌లో నా వెనకాల ఉన్నది రిహార్సల్ రూములో వాడే చిన్న ఆంప్. డ్రమ్స్ మొదలవ్వగానే దాని గొంతు మూగబోయింది. వాల్యూమ్ చివరికంటా తిప్పితే 'బర్ర్' మని చిరిగిపోయిన సౌండ్. రెండో పాట 'గీతాంజలి' సినిమాలోది. 1989లో ఇళయరాజా చేసిన ఆ పాటల్ని ఒకసారి ఇయర్‌ఫోన్స్‌లో వినండి, బేస్ ఎంత పని చేస్తోందో తెలుస్తుంది. చరణం అందుకుంటూ మా సింగర్ శ్రుతి తప్పింది. స్టేజి దిగాక అందరూ ఆ అమ్మాయినే అన్నారు. తను మాత్రం నాతో ఒకటే మాట అంది: "నువ్వు వాయిస్తున్నావో లేదో కూడా నాకు వినపడలేదు." ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. కాళ్ల కింద నేల లేకపోతే అడుగు తడబడటం ఆమె తప్పా?

ఇప్పుడు క్లబ్ ఫండ్‌తో బేస్ క్యాబ్ కొనబోతున్నాం. సీనియర్లు 10 అంగుళాల స్పీకర్లు నాలుగున్న పెద్ద పెట్టె కావాలంటున్నారు. నేను వద్దంటున్నా. 12 అంగుళాల స్పీకర్ ఒక్కటే ఉండే చిన్న పెట్టెలు రెండు తీసుకుందాం. ఎందుకో చెప్తా.

పెద్ద పెట్టె మోజు ఎక్కడిదో నాకూ తెలుసు. 1969లో ఆంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ అనే 300 వాట్ల ఆంప్ తెచ్చింది. దానికి జోడీగా 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిదేసి ఉండే క్యాబ్‌లు. బేసిస్టులు దాన్ని 'ఫ్రిజ్' అంటారు. చూస్తే నాకూ నోరూరుతుంది. కానీ బరువు 60 కిలోల పైమాటే. పైగా ఆ రోజుల్లో జనం దాకా బేస్ వినిపించే భారం చాలావరకు స్టేజీ మీది ఆంప్‌దే. ఇప్పుడు ఆ పని పీఏ సిస్టమ్‌ది. ఆంప్ డీఐ అవుట్ నుంచి మిక్సర్‌కి ఒక కేబుల్ వెళ్తే చాలు, గ్రౌండ్ చివరి వరసకి సబ్‌వూఫర్లే వినిపిస్తాయి. మన క్యాబ్ వినిపించాల్సింది స్టేజీ మీదున్న ఐదుగురికి. పోయినసారి అన్యాయం జరిగింది కూడా వాళ్లకే.

రెండో మోజు వాట్లు. "ఎన్ని వాట్లు మామా?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. లాగరిథమ్స్ చదివిన మనమే ఇలా అడిగితే ఎలా? పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్ కావాలి. అందుకే ముందు చూడాల్సింది సెన్సిటివిటీ: 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయి అన్నది. లెక్క ప్రకారం 94 ఉన్న క్యాబ్‌కి 400 వాట్లు ఇచ్చినా, 100 ఉన్న క్యాబ్‌కి 100 వాట్లు ఇచ్చినా ఒకటే సౌండ్.

ఇక ఫస్టియర్ ఎలక్ట్రికల్ పాఠం. 8 ఓమ్స్ క్యాబ్‌లు రెండు పేరలల్‌లో కలిపితే 4 ఓమ్స్. ఈ కాలపు బేస్ ఆంప్‌లు చాలావరకు పూర్తి పవర్ ఇచ్చేది 4 ఓమ్స్ దగ్గరే. అంటే క్లాస్‌రూమ్ ప్రోగ్రామ్‌కి ఒక పెట్టె, ఫెస్ట్‌కి రెండు. అదే 4 ఓమ్స్ పెద్ద పెట్టె ఒకటి కొంటే తర్వాత ఇంకోటి కలపలేం. కలిపితే 2 ఓమ్స్‌కి దిగుతుంది, అంత తక్కువ చాలా ఆంప్‌లు తట్టుకోవు. ఇంకో మాట: ఆంప్‌కీ క్యాబ్‌కీ మధ్య గిటార్ కేబుల్ పెట్టకండి. స్పీకర్ కేబులే వాడాలి.

రెండు పెట్టెలకి ఇంకో లాభం ఉంది. లో సౌండ్ అన్ని వైపులా పాకుతుంది. పై సౌండ్ మాత్రం టార్చ్ లైట్‌లా ఎదురుగానే వెళ్తుంది. నేల మీద పెట్టిన ఒక్క పెట్టె నోట్ల స్పష్టతంతా నా మోకాళ్లకి వినిపిస్తుంది. మోకాళ్లకి చెవులు లేవు కదా! ఒకదాని మీద ఒకటి నిలబెడితే పై స్పీకర్ చెవులకి దగ్గరవుతుంది. అప్పుడు నేను కూడా వాల్యూమ్ పెంచుకుంటూ పోయి డ్రమ్మర్‌తో తిట్లు తినక్కర్లేదు.

"చిన్న పెట్టెలో లో నోట్స్ రావు కదా" అంటున్నారు సీనియర్లు. అందులో నిజం ఉంది. కేఎల్‌హెచ్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన ఆంటన్ హాఫ్‌మన్ పేరుతో ఒక సూత్రమే ఉంది: చిన్న సైజు, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ, ఈ మూడూ ఒకే పెట్టెలో దొరకవు, రెండే ఎంచుకోవాలి. నేను లోతులో కాస్త వదులుకుంటా. బేస్‌లో అతి కింది ఇ తీగ 41 హెర్ట్జ్. పెద్ద క్యాబ్‌లు కూడా చాలావాటికి అక్కడికొచ్చేసరికి బలం తగ్గుతుంది. అయినా 82, 123 హెర్ట్జ్ దగ్గరున్న హార్మోనిక్స్ విని మన చెవి ఆ నోట్‌ని పోల్చుకుంటుంది. స్టేజీ మీద మరీ లో ఎక్కువైతే మిగిలేది బురదే.

ఖర్చు అంటారా, రెండూ ఒకేసారి కొనక్కర్లేదు. ఈ ఏడాది ఒకటి, వచ్చే ఏడాది అదే మోడల్ ఇంకొకటి. కొనడానికి వెళ్లేటప్పుడు మన బేస్, మన ఆంప్ పట్టుకెళ్దాం. డ్రమ్మర్‌ని కూడా తీసుకెళ్దాం. షాపులో ఒంటరిగా వాయిస్తే ప్రతి క్యాబూ బాగానే ఉంటుంది. చివరి పరీక్ష: దాన్ని ఒక్కడే ఎత్తుకుని ఒక అంతస్తు మెట్లెక్కాలి. మన ఆడిటోరియంకి లిఫ్ట్ లేదు. రాత్రి ప్రోగ్రామ్ అయ్యాక "ఒక చెయ్యి వెయ్యరా" అంటే ఎంతమంది మిగులుతారో మనందరికీ తెలుసు. మోయలేని క్యాబ్ రెండో ప్రోగ్రామ్ నుంచి రూములోనే పడి ఉంటుంది. మళ్లీ ఆ చిన్న ఆంపే స్టేజెక్కుతుంది.

శనివారం మీటింగ్‌లో ఓటింగ్ ఉంది. ఫొటోలో ఏది బాగుంటుందని కాకుండా, పాడే అమ్మాయికి ఏది వినపడుతుందని ఆలోచించి చెయ్యెత్తండి. ఈసారి నేను తప్పు నోట్ వాయిస్తే తిట్లు నాకే పడాలి. అదన్నా వినపడాలిగా!